బారో, లెండ్ ఎందుకు తారుమారవుతాయి: తెలుగు మీడియంలో చదివిన చెల్లెకు జవాబు

బిడ్డా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఏటూరునాగారం నుంచి హనుమకొండకు వచ్చి ఉద్యోగంలో చేరావు, డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఆఫీసులో పక్క సీటు ఆమెను పెన్ను అడుగుతూ 'ప్లీజ్ బారో మీ యువర్ పెన్' అంటే నలుగురూ నవ్వారని, అప్పటి నుంచి నోరు తెరవాలంటే టెన్షన్‌గా ఉందని రాశావు. లెండ్, బారో, సే, టెల్, స్పీక్, టాక్, సీ, లుక్, వాచ్, ఇలాంటివాటికి డిక్షనరీ తీస్తే ఒకే తెలుగు అర్థం కనబడుతోంది, ఎట్లా విడదీసి గుర్తుపెట్టుకోవాలని అడిగావు. చివర 'ఐ యామ్ ఎక్స్‌పెక్టింగ్ యువర్ రిప్లై' అని ఒక వాక్యం ఇంగ్లిష్‌లో రాశావు. దాని దగ్గరికి ఆఖర్న వస్తాను.

పరకాల, నర్సంపేట, హనుమకొండ జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇరవై ఆరేళ్లు ఇంగ్లిష్ చెప్పాను. నువ్వు చేసిన పొరపాటు ప్రతి బ్యాచ్‌లోనూ విన్నాను. తెలుగు బాగా వచ్చిన పిల్లలే ఎక్కువ చేసేవాళ్లు. కారణం నీ తెలివిలో లేదు, మనం అర్థాలు రాసుకునే పద్ధతిలో ఉంది.

పక్కింటికి పోయి గ్లాసెడు చక్కెర తెస్తే 'బదులు తెచ్చాను' అంటాం. వాళ్లే మనింటికి వచ్చి తీసుకుపోతే 'బదులు ఇచ్చాను' అంటాం. బదులు అనే మాట రెండుచోట్లా ఒకటే. చక్కెర ఎటు పోయిందో చెప్పే పని తెచ్చు, ఇచ్చు అనే మాటలు చూసుకుంటాయి. ఇంగ్లిష్ ఈ రెండు ముక్కల్ని ఒకే మాటలో కలిపేసింది. 'బదులు తెచ్చుకో' అన్నది మొత్తం కలిసి బారో. 'బదులు ఇవ్వు' అన్నది మొత్తం కలిసి లెండ్. మనమేమో నోట్‌బుక్‌లో బారో అంటే అప్పు, లెండ్ అంటే అప్పు అని రాసుకుంటాం. సగం అర్థం రాసుకుని మిగతా సగం వదిలేస్తాం. నువ్వు ఆ రోజు అన్నమాట తెలుగులో పెడితే 'దయచేసి మీ పెన్ను నన్ను బదులు తెచ్చుకోండి' అని వస్తుంది. 'ప్లీజ్ లెండ్ మీ యువర్ పెన్' అంటే మీ పెన్ను నాకు బదులివ్వండి. 'మే ఐ బారో యువర్ పెన్' అంటే మీ పెన్ను నేను బదులు తీసుకోనా. రెండూ మర్యాదగానే ఉంటాయి, పని చేసే మనిషి మారతాడు, అంతే.

కాబట్టి నా సలహా ఒక్కటే, మిగతాదంతా దాని వివరమే. ఇంగ్లిష్ మాటకు ఎదురుగా ఒక తెలుగు మాట రాయకు, ఒక చిన్న తెలుగు వాక్యం రాయి. ఎవరు, ఎవరికి, దేన్ని అనేవి అందులో ఉండాలి. అలా రాస్తే చాలా జంటలు వాటంతట అవే విడిపోతాయి. టీచ్, లెర్న్ తీసుకో. నేర్పు, నేర్చుకో. ఆ 'కో' ఉన్నది లెర్న్. 'మా అక్క నాకు కుట్టు నేర్పింది', 'నేను కుట్టు నేర్చుకున్నాను'. మీ అమ్మ చదువుకోకపోయినా వీటిని ఎన్నడూ తారుమారు చేసి ఉండదు.

కిరాయి సంగతీ అంతే. నయీంనగర్ గల్లీల్లో తిరిగితే ప్రతి నాలుగో గేటుకూ టులెట్ బోర్డు ఉంటుంది. గది వెతుక్కునేటప్పుడు నువ్వూ చూసే ఉంటావు. లెట్ అంటే ఇక్కడ కిరాయికి ఇవ్వడం. బోర్డు పెట్టినామె లెట్ చేస్తుంది, నువ్వు రెంట్‌కి తీసుకుంటావు. రెంట్ అనే మాటను మాత్రం ఇచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ ఇద్దరూ వాడతారు, అది వాక్యాన్ని బట్టి తెలుస్తుంది. ఇంకో తేడా ఉంది. మనకు ఇంటికీ కిరాయే, ఆటోకీ కిరాయే. ఇంగ్లిష్‌లో ఇంటిది రెంట్, బస్సుకో ఆటోకో ఇచ్చేది ఫేర్. డాక్టరుకు, వకీలుకు, కాలేజీకి కట్టేది ఫీజు. వస్తువు మీద వేసిన ధర ప్రైస్, అది మన చేతికి వచ్చేసరికి అయిన ఖర్చు కాస్ట్. ఇవి వాడగా వాడగా వస్తాయి, వీటి కోసం తలపట్టుకోకు.

ముందు నీ భయం పోవాలి. ఇంగ్లిష్‌లోనే మాటలు ఎక్కువ, మన దగ్గర తక్కువ అనుకుంటున్నావు. ఒకసారి ఏనుమాముల మార్కెట్‌కు పోయి చూడు. లారీల్లో వచ్చేవి వడ్లు. మిల్లు ఆడించాక బియ్యం. పొయ్యి మీద ఉడికితే అన్నం. వడ్లు తిన్నానని ఏ తెలుగు పిల్లా అనదు, అన్నం మిల్లు ఆడించామని అనదు. ఇంగ్లిష్ అతను ఈ మూడింటికీ రైస్ అనే మాటతోనే పని నడుపుకుంటాడు. వడ్లకు ప్యాడీ అనే మాట ఉంది గానీ అది మలయ్ భాష నుంచి తెచ్చుకున్నది. మన మేము, మనం రెండూ అతనికి వి. అక్క, చెల్లె ఇద్దరూ సిస్టర్. కూర హాట్‌గా ఉందంటే వేడిగా ఉందో కారంగా ఉందో మళ్లీ అడగాలి. తెలుగు నేర్చుకోవాలని వచ్చిన ఇంగ్లిష్ ఆమె ఎవరైనా 'బియ్యం తిన్నాను' అంటే మనం ఆమెను తక్కువగా చూస్తామా? చిరునవ్వుతో అన్నం అని సరిచేస్తాం. నీ ఆఫీసువాళ్లు నిన్ను సరిచేసి ఊరుకోవాల్సింది.

ఇప్పుడు సే, టెల్, స్పీక్, టాక్. వీటిని నలభై నిమిషాల పీరియడ్‌లో ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకు ఎక్కేది కాదు. ఒకరోజు తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి, 'మేడమ్, మనకూ నాలుగు ఉన్నాయి కదా' అన్నది. బోర్డు మీద తనే రాసింది: అను, చెప్పు, మాట్లాడు, ముచ్చట పెట్టు. ఆ రోజు నుంచి నేను ఈ పాఠం అట్లాగే చెప్పాను.

సే అంటే అను. నోట్లోంచి వచ్చిన మాట ముఖ్యం. 'రాను అన్నది': 'షి సెడ్, ఐ వోంట్ కమ్'. టెల్ అంటే చెప్పు. విన్న మనిషి ముఖ్యం. అమ్మకు చెప్పాను, సార్‌కు చెప్పాను. అందుకే టెల్ తర్వాత వెంటనే మనిషి వస్తాడు: 'టెల్ మీ', 'ఐ టోల్డ్ హర్'. మనం 'నాతో అన్నది' అంటాం, 'నాకు చెప్పింది' అంటాం. అను పక్కన 'తో', చెప్పు పక్కన 'కు'. ఇంగ్లిష్‌లోనూ ఈ రెండూ ఒకేలా నడవవు. సే పక్కన మనిషిని తేవాలంటే మధ్యలో టు కావాలి: 'షి సెడ్ టు మీ'. టెల్‌కు ఏదీ అక్కర్లేదు. 'షి సెడ్ మీ', 'షి టోల్డ్ టు మీ' రెండూ తప్పే. మనవాళ్లు ఎక్కువగా పడే గుంత ఇదే.

స్పీక్ అంటే మాట్లాడు, అందులోనూ భాష రావడం, సభలో నిలబడి మాట్లాడడం. 'ఆమె కోయ భాష మాట్లాడుతుంది' అన్నప్పుడు స్పీక్. టాక్ అంటే ముచ్చట పెట్టడం. ఇద్దరు కావాలి, మాట అటూ ఇటూ పోవాలి. అరుగు మీద కూర్చుని చేసేది టాక్. టాక్‌లో ముచ్చటలోని తీయదనం ప్రతిసారీ ఉండదు. మీ మేనేజర్ 'వి నీడ్ టు టాక్' అంటే అది తీరిగ్గా పెట్టే ముచ్చట కాకపోవచ్చు. ఫోన్‌లో పెద్దవాళ్లను అడిగేటప్పుడు 'మే ఐ స్పీక్ టు' అంటే కాస్త మర్యాదగా ఉంటుంది. అబద్ధం, నిజం, కథ, టైమ్ ఈ నాలుగూ టెల్‌తోనే పోతాయి. మనమూ అబద్ధం చెప్తాం, కథ చెప్తాం, 'అబద్ధం అన్నాడు' అనం.

సీ, లుక్ గురించి నువ్వు రాసింది చదివి నాకు సంతోషమైంది, ఎందుకంటే ఈ తేడా తెలుగులో ఇంకా స్పష్టంగా ఉంది. కనబడు, చూడు. కనబడడానికి నువ్వు ఏమీ చేయనక్కర్లేదు, కళ్లు తెరిచి ఉంటే చాలు. చూడాలంటే తల తిప్పాలి. 'అటు చూశాను గానీ బస్సు కనబడలేదు': 'ఐ లుక్డ్ బట్ ఐ డిడ్ నాట్ సీ ద బస్'. వినబడు, విను కూడా ఇంతే. హియర్ అంటే వినబడడం, లిసన్ అంటే చెవిపెట్టి వినడం. వాచ్ అంటే కదిలేదాన్ని, మారేదాన్ని వదలకుండా చూస్తూ ఉండడం: క్రికెట్, టీవీ, పొయ్యి మీద పాలు. గోడ మీది క్యాలెండర్‌ను లుక్ చేస్తావు, పాలను వాచ్ చేస్తావు.

ఇక్కడి నుంచే ఇంకో చిక్కు విడిపోతుంది. 'ఐ యామ్ నాట్ హియరింగ్ యు' అని ఫోన్‌లో చాలామంది అంటారు. వినబడడం మనం చేసే పని కాదు, కాబట్టి ఆ ఇంగ్ దానికి అతకదు. 'ఐ కాంట్ హియర్ యు' అనాలి. నీది రోజంతా కస్టమర్లతో ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగం అన్నావు కాబట్టి ఇంకో మాట కూడా చెప్తాను. అవతలి మనిషికి నీ గొంతు అందడం లేదని చెప్పాలనుకుని 'యు ఆర్ నాట్ లిసనింగ్' అనకు. అది 'నా మాట మీరు చెవిన పెట్టడం లేదు' అని గద్దించినట్టు ఉంటుంది. 'కెన్ యు హియర్ మీ?' అంటే నా మాట వినబడుతోందా అని అడిగినట్టు.

నువ్వు అడగలేదు గానీ డౌట్ గురించి చెప్పకుండా ఉండలేను. మన దగ్గర క్లాసులో చెయ్యెత్తితే 'మేడమ్, డౌట్' అంటారు. అర్థం కాలేదు, అడగాలి అని. మన దేశంలో ఇది నడుస్తుంది. ఇంగ్లిష్ పుట్టిన చోట డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. నా దగ్గర చదివిన ఒక అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. లండన్ వాళ్లతో మాట్లాడుతూ 'ఐ హ్యావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ ప్లాన్' అన్నాడట. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆ ప్లాన్ ఎందుకు పనిచేస్తుందో పావుగంట వివరించారట. వీడు అడగాలనుకున్నది పని ఏ తారీఖున మొదలవుతుందని మాత్రమే. 'ఐ హ్యావ్ ఎ క్వశ్చన్' అంటే సరిపోయేది.

డౌట్ పక్కనే సస్పెక్ట్ ఉంది. రెండింటికీ అనుమానం అనే రాసుకుంటాం, కానీ అవి ఎదురెదురు దిక్కుల్లో నడుస్తాయి. 'ఐ డౌట్ హి టుక్ ఇట్' అంటే వాడు తీశాడంటే నేను నమ్మను. 'ఐ సస్పెక్ట్ హి టుక్ ఇట్' అంటే వాడే తీశాడని నా అనుమానం. ఒకటి మనిషిని గట్టెక్కిస్తుంది, ఇంకోటి ముంచుతుంది. ఒక్క మాట ఎదురుగా ఒక్క మాట రాసుకుంటే ఎంత ప్రమాదమో ఈ జంట చూస్తే తెలుస్తుంది. ఇక్కడ వాక్యమే రాసుకోవాలి.

నీడకు షేడ్, షాడో రెండూ ఉన్నాయి. చింతచెట్టు కింద చాప వేసుకుని కూర్చుంటే అది షేడ్, దానికి ఆకారం అక్కర్లేదు, చల్లదనం కావాలి. ఎండలో నీ వెంట నడిచేది షాడో, దానికి ఆకారం ఉంటుంది, సొంతదారు ఉంటారు. నల్గొండ దగ్గర పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, గర్భగుడి గోడ మీద నిలువుగా ఒక నీడ పడుతుంది. అది షాడో. ఆ గుడి బయట చెట్టు కింద మనం చెప్పులు విడిచే చోటు షేడ్.

చెరువు మాట ఎత్తకుండా వరంగల్ మనిషి ఇంగ్లిష్ పాఠం పూర్తికాదు. పాకాల, లక్నవరం, రామప్ప చెరువులన్నీ కాకతీయుల కాలంలో గుట్టల మధ్య కట్టపోసి నిలిపిన నీళ్లు. ఇప్పుడు బోర్డుల మీద లేక్ అని రాస్తున్నారు. ఇంగ్లిష్‌లో లేక్ అనగానే ముందుగా తోచేది తనంతట తాను ఏర్పడ్డ సరస్సు. సాగు కోసం కట్టపోసిన చెరువుకు మన దేశపు ఇంగ్లిష్‌లో పాత మాట ట్యాంక్. నీటిపారుదల శాఖ కాగితాల్లో ఇప్పటికీ అదే ఉంటుంది. గుజరాతీ, మరాఠీ భాషల్లో నీళ్ల తొట్టికి వాడే మాట నుంచి అది వచ్చిందనీ, పోర్చుగీసు మాట కూడా అందులో కలిసి ఉండొచ్చనీ నిఘంటువులు చెప్తాయి. బ్రిటిష్ సైన్యం 1916లో మొదటిసారి యుద్ధానికి దింపిన ఇనుప బండికి ట్యాంక్ అనే పేరు పెట్టింది కూడా అవి నీళ్ల ట్యాంకులని నమ్మించి రహస్యం దాచడానికే. మన చెరువు మాట ఎక్కడి దాకా పోయిందో చూడు. పాండ్ అంటే కుంట. రిజర్వాయర్ అంటే ముందే లెక్కగట్టి నీళ్లు నిల్వచేసే జలాశయం. నువ్వు ఇంగ్లిష్‌లో పాకాల లేక్ అని రాస్తే తప్పు పట్టరు. నేనైతే ట్యాంక్ అనే రాస్తాను, అందులో కట్టపోసిన మనుషుల చెమట కనబడుతుంది.

హిస్టారిక్, హిస్టారికల్ కూడా ఇట్లాగే ఇంటి దగ్గర నేర్చుకోవచ్చు. రామప్ప గుడి 1213లో కట్టింది. ఆ కాలానికి సంబంధించిన ప్రతి శాసనం, ప్రతి రాయి హిస్టారికల్. 2021 జులైలో దానికి యునెస్కో వారసత్వ హోదా వచ్చిన రోజు హిస్టారిక్, అంటే చరిత్రలో నిలిచిపోయే రోజు.

ఇంగ్లిష్‌లో ఒకే అర్థానికి రెండు మూడు మాటలు ఎందుకున్నాయని అడిగావు. 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచారు. దర్బారులో ఫ్రెంచి, చర్చిలోనూ చదువులోనూ లాటిన్, ఇంటింటా ఇంగ్లిష్ నడిచాయి. మూడూ ఒకదాని మీద ఒకటి పొరలుగా పడ్డాయి. ఆస్క్ ఇంటి మాట, క్వశ్చన్ ఫ్రెంచి దారిలో వచ్చింది, ఇంటరాగేట్ లాటిన్ నుంచి వచ్చింది. తెలంగాణ బిడ్డకు ఇది కొత్తేం కాదు. మనకూ తెలుగు, సంస్కృతం, ఉర్దూ పొరలు ఉన్నాయి. అంగట్లో కూరగాయలు కొంటాం. పాత భూమి కాగితంలో 'ఖరీదు చేసిన' అని ఉంటుంది. రిజిస్ట్రేషన్ భాషలో క్రయవిక్రయాలు అంటారు. బెండకాయలు క్రయం చేశానని ఎవరూ అనరు. బై, పర్చేజ్ తేడా కూడా అదే. అర్థం దాదాపు ఒకటి, వాడే చోటు వేరు. అడుగు, ప్రశ్నించు, విచారించు వరసగా పలికి చూడు. అమ్మ అడుగుతుంది, అసెంబ్లీలో ప్రశ్నిస్తారు, పోలీసు స్టేషన్‌లో విచారిస్తారు. ఆస్క్, క్వశ్చన్, ఇంటరాగేట్ అదే మెట్ల మీద నిలబడ్డాయి.

మటన్ కూడా ఆ ఫ్రెంచి పొరలోదే. బతికున్న గొర్రె షీప్, వంటింటికి వచ్చిన మాంసం మటన్. మన దగ్గర మటన్ షాపులో వేలాడేది మేక కూడా కావచ్చు, యాట కూర అని రెండింటినీ కలిపే అంటాం కదా. విదేశంలో ఉన్న చుట్టానికి మెనూ చదివి చెప్పేటప్పుడు ఈ తేడా పనికొస్తుంది.

స్టీల్, రాబ్ ఒక్క మాటలో చెప్తాను. పోయిన వస్తువు గురించి చెప్తే స్టీల్, పోగొట్టుకున్న మనిషి గురించో కొల్లగొట్టిన చోటు గురించో చెప్తే రాబ్. గొలుసును స్టీల్ చేస్తారు, బ్యాంకును రాబ్ చేస్తారు.

ఇక నీ చివరి వాక్యం. హోప్, ఎక్స్‌పెక్ట్, వెయిట్ మూడింటికీ మనం 'ఎదురుచూడు' అనే అంటాం. మృగశిర కార్తెలో దుక్కి దున్ని పత్తి గింజలు తెచ్చిపెట్టుకున్న రైతును తలుచుకో. వాన పడితే బాగుండునని ఆశపడుతున్నాడు, అది హోప్. రేడియోలో రెండు రోజుల్లో వర్షం అన్నారు, పడుతుందనే లెక్కతో కూలీలకు చెప్పిపెట్టాడు, అది ఎక్స్‌పెక్ట్. గట్టు మీద కూర్చుని మబ్బు వైపు చూస్తూ ఉన్నాడు, అది వెయిట్. హోప్‌లో ఆశ, ఎక్స్‌పెక్ట్‌లో లెక్క, వెయిట్‌లో గడిచే టైమ్. హోప్ మంచి కోసమే చేస్తాం. ఎక్స్‌పెక్ట్ చెడుకూ పనికొస్తుంది, రైతు నష్టాన్ని కూడా ఎక్స్‌పెక్ట్ చేయగలడు.

ఎక్స్‌పెక్ట్‌లో లెక్క ఉంది కాబట్టే, మనిషి మీద వాడితే అది హక్కులాగా వినబడుతుంది. 'ఐ యామ్ ఎక్స్‌పెక్టింగ్ యువర్ రిప్లై' అంటే 'నువ్వు జవాబు ఇచ్చి తీరాలి, చూస్తున్నాను' అన్న ధ్వని వస్తుంది. పైఅధికారి కింది ఉద్యోగికి రాసే మాట అది. నీ మనసులో అది లేదని నాకు తెలుసు, మిగతా ఉత్తరమంతా ఎంత వినయంగా రాశావో చూశాను. మీ మేనేజర్‌కు మాత్రం అట్లా రాయకు. 'ఐ లుక్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై' అని రాయి. టు తర్వాత క్రియ వస్తే దానికి ఇంగ్ తగిలించు: 'ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు'. అక్కడ హియర్‌కు ఇంగ్ ఎట్లా వచ్చింది, ఇందాక వద్దన్నారు కదా అని అడుగుతావు. ఇందాకటిది 'ఇప్పుడు నాకు వినబడడం లేదు' అని చెప్పే క్రియ. ఇది 'మీ నుంచి కబురు అందడం' అనే పేరు లాంటిది, మనం తినడం, రావడం అన్నట్టు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన, తెలుగు అర్థాలతో సహా, నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకో. రేపు ఆఫీసులో పెన్ను కావాల్సి వస్తే ఆమెనే అడుగు, 'మే ఐ బారో యువర్ పెన్' అని.